ఐస్ ఫ్యాక్టరీ వీధి

ఆ వానాకాలం మా తోడికోడలికి ఆరో నెల. ఇంట్లో అందరూ ఆమె కడుపు చూసి మురిసిపోతుంటే, నేను ఆఫీసులో కూర్చుని సున్నాలు వేస్తుండేదాన్ని.

వేళాకోళం కాదు, నా ఉద్యోగమే అది. ఆరోగ్యశాఖ ఆఫీసులో, ఏ ఊళ్ళో ఏ జబ్బు కొత్తగా ఎంతమందికి వచ్చిందో నెలనెలా వరసల్లో నింపి పైకి పంపాలి. విషజ్వరాలు, క్షయ, కుక్కకాట్లు, హెచ్‌ఐవీ. హెచ్‌ఐవీ పేజీలో మా ఊరి పేరుకెదురుగా ఎప్పుడూ సున్నానే. మాది ఆయిల్ డిపో ఉన్న ఊరు. ఇంటికో డ్రైవరో క్లీనరో ఉంటాడు. ట్యాంకరెక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో పెళ్ళానికే తెలియదు. అలాంటి ఊరికి సున్నా వస్తోందంటే నాకు నమ్మబుద్ధయ్యేది కాదు. కానీ నా నమ్మకం ఎవరిక్కావాలి? వచ్చిన కాగితంలో ఏముంటే అదే వేయాలి.

ఆ ఏడు పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. కిట్లు తక్కువ వచ్చాయి కాబట్టి, కేసులు ఎక్కువగా ఉన్న ఊళ్ళ ఆస్పత్రులకే గర్భిణులకు చేసే హెచ్‌ఐవీ పరీక్ష కిట్లు పంపుతారు. కండోమ్‌లు పంచే మనుషులూ, మైకు పెట్టుకుని తిరిగే ప్రచార బండీ కూడా అక్కడికే. మిగతా ఊళ్ళ సంగతి మరుసటి ఏడు చూద్దామన్నారు. మా ఆఫీసరు గారు చెడ్డమనిషేమీ కాదు. "నూనె కొంచెమే ఉన్నప్పుడు చీకటెక్కువున్న గదిలోనే దీపం పెట్టాలి కదమ్మా" అన్నారు. ఏ గదిలో ఎంత చీకటుందో చూడ్డానికైనా ఒక దీపం కావాలి కదా అని నాకు నోటిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను.

ఆ వారంలోనే తోడికోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆమె బజార్లో జిరాక్స్ షాపులో పనిచేసేది. ఊళ్ళోవాళ్ళ సర్టిఫికెట్లూ, కోర్టు కాగితాలూ కాపీలు తీస్తూ అందరి సంగతులూ చదివేసి, ఒక్కటీ బయట పెట్టని మనిషి. నవ్వు మాత్రం ఆపుకోలేదు. ఆస్పత్రిలో నర్సమ్మ రక్తం పరీక్షల చీటీ రాస్తూ, అచ్చువేసి ఉన్న వాటిలో హెచ్‌ఐవీ అన్నదాన్ని పెన్నుతో కొట్టేసింది. కిట్లు ఆగిపోయాయట.

"పోన్లే అక్కా, ఒక సూది తగ్గింది" అని నవ్వింది మా తోడికోడలు.

నేనూ నవ్వాను.

*

వానలు ముదిరాయి. వంతెన అవతలి ఊరికి చుట్టుపక్కల ఏ ఊరికీ లేనన్ని హెచ్‌ఐవీ కేసులున్నాయనీ, అందులో ఏ వీధిలో ఎక్కువో విడదీస్తే ప్రచార బండిని అక్కడే నిలబెట్టొచ్చనీ ఆఫీసరు గారు అన్నారు. హెచ్‌ఐవీకి మాత్రలిచ్చే మందుల కేంద్రం ఆ ఊళ్ళోనే ఉంది; అక్కడ రోగి రాయించిన అడ్రసును బట్టే ఏ ఊరి కేసో మాకు లెక్క. అక్కడినుంచి పేర్లు లేకుండా ఉత్త అడ్రసులు తెప్పించి, కూర్చుని విడదీశాను. సగానికి పైగా ఒకే వీధిలో పడ్డాయి. దాని పేరు ఐస్ ఫ్యాక్టరీ వీధి.

ఆఫీసరు గారికి పండగయింది. దొరికింది చూశావా అన్నారు. బండికి ఉత్తర్వులు కూడా వెళ్ళిపోయాయి. నాకు మాత్రం ఏదో పంటి కింద రాయిలా తగిలింది. జనాభా లెక్కల పుస్తకం తీసి చూశాను. ఆ వీధిలో ఉండే జనం కంటే రోగులే ఎక్కువున్నారు. పసిపిల్లలనూ ముసలివాళ్ళనూ కలుపుకున్నా చాలడం లేదు.

"జనాభా లెక్క పాతదయ్యుంటుంది" అన్నారు ఆఫీసరు గారు.

అయ్యుండొచ్చు. కానీ ఆ వీధి నాకు తెలుసు. మా ఊరి బస్సు అవతలి ఊళ్ళో మొట్టమొదట ఆగేది అక్కడే. దిగగానే ఎదురుగా నీలం రంగు బోర్డు, దాని మీద వీధి పేరు. అవతలి ఊళ్ళో ఇంకేమీ తెలియకపోయినా మా ఊరివాళ్ళందరికీ ఆ ఒక్క పేరూ తెలుసు. ఆ మాట మనసులోకి వచ్చాక ఇంక నాకు ఆఫీసులో కాలు నిలవలేదు. చూసి వస్తానని అడిగితే ఆఫీసరు గారు సరే అన్నారు.

శనివారం పొద్దున్నే బస్సు దిగాను. ఐస్ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. గేటుకు తుప్పు. దానెదురుగా కొన్ని ఇళ్ళు, వాటి ముందు ప్రచార బండి. వానలో తడుస్తూ మైకులోంచి సురక్షిత లైంగిక సంబంధాల గురించి వివరిస్తోంది. వినేవాళ్ళు లేరు. ఒకింటి మెట్ల మీద ఒక పెద్దావిడ గొడుగేసుకుని కూర్చుని బండి వైపు కళ్ళెర్రజేస్తోంది. నేను ఆఫీసునుంచి వచ్చానని చెప్పడమే ఆలస్యం, దులిపేసింది. మేడమీది గది ఎన్నాళ్ళనుంచో ఖాళీగా ఉందనీ, అద్దెకొచ్చినవాళ్ళు ఈ బండిని చూసి అటునుంచటే పోతున్నారనీ చెప్పింది.

"ఈ వీధిలో ఉన్నదంతా ముసలాళ్ళమమ్మా. మాకు అంత ఓపికా?" అంది. "కీళ్ళనొప్పులకేమైనా బండి ఉంటే అది పంపించమను."

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే మందుల కేంద్రానికి నడిచాను. ఆ వానాకాలంలో నేను మనసారా నవ్వింది అదే ఆఖరు.

మందుల కేంద్రం అక్కడి ఆస్పత్రి వెనక వైపు ఉంటుంది. హాల్లో బెంచీలు, ఒక కౌంటరు, పక్కన తలుపేసి ఉన్న చిన్న గది. ఆ గదిలో రోగులకు ధైర్యం చెప్పి సలహాలిచ్చే కౌన్సిలరమ్మ ఉంటుంది. ఆవిడతో నా అనుమానం చెప్పాను. మీ ఊరివాళ్ళు మీ ఊళ్ళో చేయించుకోక ఇక్కడికొచ్చి, బోర్డు మీద కనిపించిన పేరు చెప్పి పోతున్నారంటారా అంది. అవునన్నాను. ఆవిడ ఆ సంగతి తనకు తట్టలేదనీ, ఏ అడ్రసు చెప్పినా రుజువు అడగడం లేదనీ ఒప్పుకుంది. మరి ఆధార్ కార్డు చూపించమని అడగొచ్చు కదా అన్నాను.

"అడిగితే రేపటినుంచి సగంమంది రారు" అంది. "రాకపోతే మందులాగుతాయి. మందులాగితే ప్రాణం మీదికొస్తుంది. మీకు లెక్క తప్పితే దిద్దుకోవచ్చండీ. నాకు మనిషి తప్పితే ఎక్కడ దిద్దుకోను?"

అడ్రసుల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను, వచ్చేవాళ్ళను చూద్దామని. ఎక్కువసేపు చూడనక్కర్లేకపోయింది. డిపో గేటు దగ్గర టీ అమ్మే ఆవిడ వచ్చింది. మా లైను చివర టైలరు వచ్చాడు. నన్ను చూడగానే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, టైలరు మెడలో లేని టేపును సర్దుకున్నాడు. తర్వాత ఇద్దరూ గోడమీది పోస్టర్లు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. వాళ్ళ దృష్టిలో నేనూ రోగినేనని అప్పుడు తట్టింది. తట్టి, లేచి వెళ్ళిపోదామనిపించింది. చదువుకున్నదాన్ని, ఆ ఆఫీసులోనే పనిచేసేదాన్ని, నాకే అలా అనిపిస్తే టైలర్ని ఏమనగలను?

నేను లేచేలోగా కౌంటరు దగ్గర ఎవరో మందులు తీసుకుంటున్నారు. రెయిన్‌కోటు, తల మీద టోపీ. నా వైపు వీపు.

"అడ్రసేమైనా మారిందా?" అనడిగాడు గుమస్తా.

"లేదండీ. ఐస్ ఫ్యాక్టరీ వీధే."

ఆ గొంతు నాకు తెలుసు. మా ఇంట్లో నన్ను వదినా అని పిలిచే గొంతు.

*

బస్‌స్టాపు రేకుల కింద ఇద్దరం నిలబడ్డాం. మా మరిది, అంటే తోడికోడలి మొగుడు, ట్యాంకరు నడుపుతాడు. మనిషి తలుపంత ఉంటాడు. ఆ రోజు రెయిన్‌కోట్లో ముడుచుకుపోయి కనిపించాడు. మొట్టమొదట వాడడిగింది ఏమిటో చెబితే మీరు నమ్మరు.

"వదినా, నీకూనా? అన్నయ్యకు తెలుసా?"

నాకోసమే భయపడ్డాడు వెర్రివాడు. నాక్కాదు, ఆఫీసు పనిమీద వచ్చానన్నాను. అప్పుడు కూర్చున్నాడు. నేను అడగకుండానే చెప్పుకుంటూ పోయాడు. నిరుడు ఎంతకూ తగ్గని జ్వరం వచ్చి, ఇంట్లో టైఫాయిడ్ అని చెప్పాడే, అప్పుడే తెలిసిందట. అప్పటికి పెళ్ళయి ఏడాది. ఎప్పుడు, ఎక్కడ అంటుకుందో వాడు చెప్పబోయాడు గానీ నాకనవసరమన్నాను. మాత్రలు ట్యాంకరు టూల్‌బాక్సులో స్పానర్ల కింద పెట్టుకుంటాడట.

"మాత్రలు రోజూ వేసుకుంటుంటే అవతలివాళ్ళకు అంటదన్నారు వదినా. నా రక్తంలో ఇప్పుడది కనబడ్డం లేదంట. డాక్టరుగారే చెప్పారు."

"మాత్రలు మొదలుపెట్టాక సరే. అంతకుముందు ఏడాది?"

వాడు టోపీ తీసి నీళ్ళు విదిల్చాడు.

"ఆమెకు పరీక్ష చేయించావా?"

"ఎలా చేయించను? ఎందుకని అడిగితే ఏం చెప్పను?" చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. "కడుపుతో ఉన్నవాళ్ళకి మన ఆస్పత్రిలో ఎలాగూ చేస్తారు కదా వదినా. ఉంటే వాళ్ళే చెప్తారు, మందులిస్తారు, బిడ్డకి రాకుండా చూస్తారు, నేను నోరు విప్పే పని ఉండదనుకున్నాను. వాళ్ళు ఏమీ అనలేదు. అంటే లేనట్టే కదా?"

నేను చెప్పాను. మెల్లగానే చెప్పాను. మన ఆస్పత్రిలో ఆ పరీక్ష చేయలేదని, కిట్లు రాలేదని. మన ఊరికి ఎందుకు రాలేదంటే మన ఊళ్ళో ఎవరికీ జబ్బు లేదు కాబట్టి. ఎందుకు లేదంటే అందరూ ఐస్ ఫ్యాక్టరీ వీధిలో ఉన్నారు కాబట్టి. వాడు మొదట అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక మొహం తిప్పుకుని బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. బస్సు వచ్చినా లేవలేదు. చెయ్యి పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది.

దారిలో ఒక్క మాటే అన్నాడు. ఈ ట్రిప్పు నుంచి తిరిగి రాగానే ఆమెకు తనే చెబుతానని, అప్పటిదాకా నన్ను చెప్పొద్దని. చెప్పనన్నాను. చెప్పే హక్కు నాకు లేదు కూడా. ఎవరి జబ్బు వాళ్ళు చెప్పుకోవాలన్నది మా ఆఫీసులో మొదటి నియమం. ఆ నియమం మంచిదని నేనే నలుగురికీ పాఠాలు చెప్పినదాన్ని.

*

ట్రిప్పు నుంచి వచ్చాడు, చెప్పలేదు. ఇంకో ట్రిప్పుకు వెళ్ళాడు. మళ్ళీ వచ్చి, లారీ రిపేరని డిపోలోనే పడుకున్నాడు. ఆమెకు ఏడో నెల వచ్చింది. సాయంత్రాలు వసారాలో కూర్చుని ఐరన్ మాత్ర చేదని మొహం వికారంగా పెట్టేది. పక్కన మా అత్తయ్య మనవరాలా మనవడా అని పొట్ట చూసి జోస్యం చెబుతుండేది. నేను వంటింట్లోంచి వాళ్ళను చూస్తూ, లోపల ఉన్న బిడ్డ గురించి మాత్రమే ఆలోచించేదాన్ని. తల్లికి ఉందో లేదో తెలిస్తే, ఇప్పుడు మాత్రలు మొదలుపెడితే, బిడ్డకు దాదాపుగా రాకుండా ఆపొచ్చు. ఇది నాకు తెలుసు. గోటితో పోయేది. గోరు పెట్టే వీలు లేక గొడ్డలిదాకా తెచ్చుకుంటున్నాం.

ఆగలేక ఒకసారి తోడికోడల్నే అడిగాను. మన ఆస్పత్రిలో చేయని పరీక్ష ఒకటి అవతలి ఊళ్ళో చేస్తున్నారు, పోయి చేయించుకుందామా అని. "తగ్గిన సూదిని బస్సెక్కించి మరీ పొడిపిస్తావా అక్కా?" అని నవ్వేసింది. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

"అక్కడికి ఎవరు పోతారో ఊరందరికీ తెలుసు" అంది. "బస్సు దిగిన చోటే చెప్పేస్తుంది. నిప్పు లేందే పొగ రాదంటారు. కడుపుతో ఉన్న పిల్లకు ఆ పేరు అంటించకు."

ఎందుకని అడిగితే కారణం చెప్పలేను. చెప్పకపోతే ఆమె రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళాను. ఐస్ ఫ్యాక్టరీ వీధి సంగతంతా వివరించాను. ఆయన విన్నారు, నమ్మారు కూడా. కౌన్సిలరుకు ఫోను చేసి, వచ్చినవాళ్ళను కనీసం ఊరి పేరైనా నిజం చెప్పమని అడగమన్నారు. ఆవిడ ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి బతిమాలిందట. పేరొద్దు, ఇంటి నంబరొద్దు, ఊరొక్కటి చాలంది. అందరూ తలూపారు. అందరూ అదే వీధి చెప్పి పోయారు. ఎవరికి వారే యమునా తీరే. వానాకాలం చివర్లో పైవాళ్ళు కోటాలు మళ్ళీ చూస్తారనీ, అప్పటిలోగా మన ఊరి వరసలో అంకె పడితే ఏమైనా చేయొచ్చనీ ఆఫీసరు గారు అన్నారు. నీకు తెలిసింది నాకూ తెలుసమ్మా, కానీ తెలిసింది పంపలేను, అంకె పంపగలను అన్నారు.

ఒక ఆదివారం మా మరిది ఇంటి ముందు ట్యాంకరు కడుగుతున్నాడు. వానలో ట్యాంకరు కడిగేవాణ్ణి అప్పుడే చూశాను. ఇంట్లోకి రాకుండా ఉండడానికి వాడికింకే పని దొరకలేదు. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వాడు పైపు కిందికి దించలేదు.

"నువ్వు ఆస్పత్రివాళ్ళు చెప్తారనుకున్నావు" అన్నాను. "ఆస్పత్రివాళ్ళు ఆఫీసు చెప్తుందనుకున్నారు. ఆఫీసు నన్నడిగింది. నేను నువ్వు చెప్పిందే రాశాను. ఇంక చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు బాబూ."

"చెప్తే పోతుంది వదినా."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. నేనైతే పోతాను."

"పోనీ. బిడ్డకు రాకుండా పోతుంది కదా."

అన్నాక నాకే ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడవకూడదని లోపలికొచ్చేశాను. ఆ రోజు వాణ్ణి నేను ద్వేషించాను. చిన్నప్పటినుంచీ నా చేతి అన్నం తిన్నవాడు చచ్చిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. మళ్ళీ వాడు చస్తాడేమోనని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం వాన తెరిపిచ్చింది. తోడికోడలు ఎప్పటిలాగే వసారాలో ఐరన్ మాత్ర, నీళ్ళ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. వాడు టూల్‌బాక్సు తెరిచిన చప్పుడు వినిపించింది. చేతికి గ్రీజుతోనే లోపలికి వచ్చి, ఒక తెల్లడబ్బా తీసి ఆమె మాత్రల పక్కన పెట్టాడు. మూత తిప్పి ఒక మాత్ర అరచేతిలో వేసుకుని, ఆమె గ్లాసులోని నీళ్ళతోనే మింగాడు.

"నీక్కూడా ఐరన్ తక్కువైందా?" అంది ఆమె.

"కాదు" అన్నాడు.

ఆమె డబ్బా చేతిలోకి తీసుకుంది. జిరాక్స్ షాపు పిల్ల, ఏ కాగితం కనిపించినా చదివేస్తుంది. లేబులు మీది అక్షరాలు మొదటినుంచి చివరిదాకా చదివింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆమె నా వైపు చూసింది, నాకు ముందే తెలుసని ఆమెకు తెలిసిపోయింది. డబ్బా మూత బిగించి, తన ఐరన్ మాత్ర మింగి, లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. అత్తయ్య ఏమైందిరా, ఏమైందిరా అని అడుగుతూనే ఉంది.

తెల్లారి నేను పొయ్యి దగ్గర ఉంటే వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చీర మార్చుకుని, తల దువ్వుకుని ఉంది.

"అక్కా, అవతలి ఊరికి మొదటి బస్సు ఎప్పుడు?"

*

ముగ్గురం వెళ్ళాం. బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది, వాడు వెనక సీట్లో. ఐస్ ఫ్యాక్టరీ వీధి సంగతంతా దారిలో నేనే ఆమెకు చెప్పాను; ఆమె వాడితో మాత్రం ఒక్క మాట ఆడలేదు. అత్తయ్య రాత్రంతా వాణ్ణి తిట్టి, పొద్దున అన్నం డబ్బా కట్టి ఇచ్చింది. బస్సు ఆగేచోట ఆమె నీలం బోర్డును చదివి, ఇదేనా అంది. ఇదే అన్నాను.

రక్తం తీశారు. కౌన్సిలరమ్మ ఆమెను లోపలికి పిలిచి తలుపేసింది. నేను బయట బెంచీ మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి సున్నా రావాలని దండం పెట్టుకున్నాను. తలుపు తెరుచుకుంది. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఉందంట" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మాత్రలు ఇవాళే మొదలుపెడతారంట, బిడ్డకు పుట్టగానే మందు పోస్తారంట, రాకుండా ఉండే వీలు చాలా ఉందంట అని, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. వాడు గోడకానుకుని అక్కడే కిందకి జారి కూర్చున్నాడు. ఆమె చూసింది గానీ దగ్గరికి వెళ్ళలేదు.

మందులకు పేరు రాయించుకోవాలి. కౌంటరు ముందు వరసలో నిలబడ్డాం. మా వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే టైలరు. పెళ్ళికి ఆమె జాకెట్లు కుట్టినవాడు. ఆమె కడుపు చూశాడు, నన్ను చూశాడు, దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

గుమస్తా పేరు రాసుకున్నాడు, వయసు రాసుకున్నాడు. తల ఎత్తకుండానే, "ఐస్ ఫ్యాక్టరీ వీధేనా?" అన్నాడు.

"కాదండీ. ఆ వీధిలో నాకెవరూ లేరు."

గుమస్తా తలెత్తాడు. ఆమె మా డోర్ నంబరు చెప్పింది. డిపో వెనక రెండో లైను అంది. ఊరి పేరు చెప్పింది. జిరాక్స్ షాపులో కాగితాలు ఎన్ని కాపీలో అడిగేటప్పటి గొంతు, హాలంతా వినిపించేలా.

"అక్కడ కూర్చున్నాయన మా ఆయన" అంది. "ఆయనదీ అదే ఇల్లు. తప్పు రాయించాడు, దిద్దండి."

నాకు గుండె ఉప్పొంగింది. ఇప్పుడు టైలరు చెబుతాడు, టీ ఆవిడ చెబుతుంది, ఒక్కొక్కరే చెబుతారనుకున్నాను. మందులు తీసుకుని పక్కకు జరిగి, నిలబడి ఆగాను. టైలరు ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఆమె వైపు చూడలేక కౌంటరు బల్ల వైపు చూస్తూ, మెల్లగా ఐస్ ఫ్యాక్టరీ వీధి అన్నాడు.

*

ఆ నెల లెక్కలో మా ఊరి వరసలో రెండు వేశాను. నా చేత్తోనే వేశాను. ఆఫీసరు గారు కాగితం చూసి పెదవి విరిచారు.

"ఒకటీ రెండూ అంటే ఎంట్రీ పొరపాటని కొట్టేస్తారమ్మా. వేళ్ళన్నీ కలిస్తేనే కదా పిడికిలయ్యేది."

ఎవరైనా అడిగితే నాదని చెప్పు అక్కా అని ఆమె ముందే అంది. వాడూ అన్నాడు.

"పొరపాటు కాదు సార్" అన్నాను. "మా ఇల్లు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత తనే కూర్చుని పైకి ఒక పెద్ద ఉత్తరం రాశారు. బస్సు దిగేచోటు, నీలం బోర్డు, జనం కంటే ఎక్కువున్న రోగులు, అన్నీ రాశారు. అడ్రసును కాకుండా బస్సు రూటును బట్టి కోటా వేయాలని కూడా రాశారు. మంచి ఉత్తరం. దానికి జవాబు వచ్చింది. పరిశీలనలో ఉందన్నారు. వానాకాలం అయిపోయింది, మా ఆస్పత్రికి కిట్లు రాలేదు.

ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకే వేళకు మాత్రలు వేసుకునేవారు, వసారాలో ఆమె ఈ చివర, వాడు ఆ చివర. గ్లాసులు వేరు. నీళ్ళు మాత్రం వాడే తెచ్చిపెట్టేవాడు. ఆమె తాగేది, థాంక్స్ అనేది కాదు. అత్తయ్య వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని చేటలో బియ్యం ఏరుకునేది.

చలి మొదలవుతుండగా పాప పుట్టింది. పాపకు రాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఆ బెంగ మీకొద్దు. అప్పటికి మాకది తెలియదు. పుట్టిన గంటలోనే నోట్లో మందు పోశారు, అవతలి ఊరినుంచి కౌన్సిలరమ్మ స్వయంగా తెచ్చి ఇచ్చింది. కాన్పు మా ఊరి ఆస్పత్రిలోనే చేయించాలని తోడికోడలు పట్టుబట్టింది. నా ఊరు, నా ఆస్పత్రి, ఇంకెక్కడికీ పోనంది.

మర్నాడు వార్డుకు వెళ్ళాను. వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక ఊయల. మా తోడికోడలు దిండుకానుకుని కూర్చుంది, ఒళ్ళో పాప. పక్క మంచం మీద ఒకావిడ, ఇంకా కాన్పు కాలేదు, నొప్పులు వచ్చి పోతున్నాయి. భర్త క్లీనరట, లోడు మీద పోయాడట. ఆవిడ చెయ్యి చాపి పాప చెంప ముట్టుకుని, ఎంత బాగుందో అంది.

మా తోడికోడలు ఆవిడ మొహంలోకి చూసింది.

"మీకు పరీక్ష చేశారా?" అనడిగింది.

"ఏం పరీక్ష?" అంది ఆవిడ.